కాలిన మెడ గుంజుకపోయింది: ప్లాస్టిక్ సర్జరీ ఇప్పుడే చేయించాలా, ఆగాలా? లాభనష్టాలు చెప్పండి

ప్రశ్న: దేవరకొండ ఏఎన్ఎం

అందరికీ నమస్తే. మా సబ్‌సెంటర్ పరిధిల ఒక 20 ఏండ్ల అమ్మాయికి పొయ్యి కాడ చున్నీకి మంట అంటుకొని గదుమ కింద, మెడ ముందు భాగం, కుడి చంక కాలినయి. ఏడు నెలలైంది. గ్రాఫ్టింగ్ (వేరే చోటి చర్మం తీసి అతికించుడు) చేయకముందే ఇంటోళ్లు డిశ్చార్జ్ చేయించుకొచ్చిన్రు. పుండ్లు డ్రెస్సింగ్‌తోనే మానినయి, మానేసరికి రెండున్నర నెలలు పట్టింది.

ఇప్పుడు మెడ మీద అడ్డంగ గట్టి పట్టీ లెక్క మచ్చ ఉంది. తల ఎత్తితే కింది పెదవి కిందికి గుంజి పళ్లు కనపడతయి. నోరు మూతపడుతది, అన్నం బయట పడదు. కుడి చెయ్యి భుజం ఎత్తు దాకనే లేస్తది. మచ్చ ఇంకా ఎర్రగ, ఉబ్బుగ ఉంది, రాత్రిపూట దురద. షుగర్ లేదు. హిమోగ్లోబిన్ 8.6.

మాఘమాసంల లగ్గం పెట్టుకోవాలని చూస్తున్నరు. "ప్లాస్టిక్ సర్జరీ చేస్తే మునుపటి లెక్క అయితదా" అని రోజూ అడుగుతున్నరు. సిటీల ఒక క్లినిక్ లేజర్ ప్యాకేజీ చెప్పిందట, దానికి అప్పు తెద్దామనుకుంటున్నరు. రేషన్ కార్డు ఉంది. వాళ్లకు నేను ఏం చెప్పాలె? ఇప్పుడే పంపాలా, ఆగమనాలా? ఆపరేషన్‌తోటి ఏం బాగైతది, ఏం కాదు?

జవాబు: ప్లాస్టిక్ సర్జన్, హైదరాబాద్

సిస్టర్, చూడాల్సినవన్నీ చూసి రాశారు కాబట్టి సూటిగా చెబుతాను. అమ్మాయిని స్వయంగా పరీక్షించిన డాక్టర్ మాటే చివరి మాట. మీరు రాసినదాన్ని బట్టి ఇది రేపే కోయాల్సిన కేసు కాదు. అలాగని ఇంట్లో ఊరికే ఉంచాల్సిన కేసూ కాదు. ప్లాస్టిక్ సర్జరీ ఓపీలో ఇప్పుడే చూపించండి, కోత మాత్రం తర్వాత.

ఎందుకంటే కాలిన మచ్చ పండటానికి సాధారణంగా ఏడాది పడుతుంది, కొందరిలో ఏడాదిన్నర. ఎరుపు, ఉబ్బు, దురద ఉన్నాయంటే లోపల మయోఫైబ్రోబ్లాస్ట్ కణాలు ఇంకా మచ్చను లాగుతూనే ఉన్నాయని అర్థం. మచ్చను వేలితో నొక్కి వదలండి. తెల్లబడి వెంటనే ఎర్రబడితే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. అలాంటి మచ్చను కోస్తే రక్తస్రావం ఎక్కువ, కుట్లు సరిగా నిలవవు, విడదీసింది మళ్లీ గుంజుకుపోయే అవకాశం ఎక్కువ. మచ్చ పాలిపోయి, మెత్తబడి, చదునైతే అప్పుడు చేసిన పని నిలుస్తుంది.

కొన్నిటికి ఆగకూడదు. కనురెప్ప మూతపడక నల్లగుడ్డు ఎండిపోతున్నా, గదుమ ఛాతీకి అతుక్కుని మింగడానికి, ఊపిరికి ఇబ్బంది అవుతున్నా, నోరు చిన్నదైపోయి తిండి పోకపోయినా, పెరిగే పిల్లల్లో కీలు వంకర తిరుగుతున్నా మచ్చ పండేదాకా చూడం. ఈ అమ్మాయికి పెదవి లాగుతోంది కానీ నోరు మూతపడుతోంది. అది మూతపడటం మానేసినా, చొంగ కారడం మొదలైనా వెంటనే పంపండి. నెలనెలా ఒక కొలత రాసి పెట్టండి: తల ఎంత వెనక్కి పోతే అంత వాల్చమని, గదుమ కొస నుంచి మెడ కింద ఎముకల మధ్య గుంట దాకా టేపుతో సెంటీమీటర్లలో. కొలత తగ్గుతూ పోతుంటే ఆ కాగితమే తొందరగా చేయమని సర్జన్‌కు చెబుతుంది.

ఇక ఆపరేషన్. మెడ మచ్చను ఒక పక్క మంచి చర్మం నుంచి రెండో పక్క మంచి చర్మం దాకా అడ్డంగా కోసి, బిగువు మొత్తం వదిలేదాకా విడదీస్తారు. వదిలాక ఏర్పడే ఖాళీ చూసి ఇంటివాళ్లు భయపడతారు, అరచేయి కంటే పెద్దది అవ్వడం మామూలే. ఇంతకాలం తక్కువపడిన చర్మం అంత అన్నమాట. ఆ ఖాళీని ఎక్కువగా తొడ నుంచి తీసిన పలుచటి చర్మంతో కప్పుతారు. సొంత చర్మమే, బయటి వస్తువు ఏదీ పెట్టరు. మెడకు జాలీలా చిల్లులు కొట్టిన చర్మం వేయరు, కొంచెం మందంగా తీసిన, చిల్లులు లేని ఒకే పొర వేస్తారు. పైన దూదిగుత్తి పెట్టి కుట్లతో కట్టేసి, తల వెనక్కి వాల్చి, సుమారు 5 రోజులు కదలనివ్వరు. అతికించిన చర్మం మొదటి రెండు రోజులు కింది నుంచి ఊరే ద్రవంతోనే బతుకుతుంది, రక్తనాళాలు కలిసేది ఆ తర్వాత. ఈ లోపు కింద రక్తం గడ్డకట్టినా, నీరు చేరినా, మెడ కదిలి చర్మం జరిగినా, చీము పట్టినా ఆ మేరకు చర్మం నల్లబడి పోతుంది. గ్రాఫ్ట్ పోయిందనే కేసుల్లో ఎక్కువ భాగం ఈ నాలుగు కారణాలే.

పలుచటి గ్రాఫ్ట్‌కు ఉన్న పెద్ద లోపం తర్వాత ముడుచుకోవడం. పూర్తి మందం చర్మం, అంటే గజ్జ దగ్గర నుంచో పొత్తికడుపు నుంచో తీసేది, తక్కువ ముడుచుకుంటుంది. కానీ దొరికేది కొంచెమే, తీసినచోట కుట్లు వేయాలి. భుజం మీద చర్మం కాలకుండా ఉంటే దాన్ని రక్తనాళంతో సహా తిప్పి మెడ మీదికి తెచ్చే ఫ్లాప్ పద్ధతి ఉంది. రంగు కలుస్తుంది, ముడుచుకోవడం చాలా తక్కువ. తొడ నుంచి ఫ్లాప్ తీసి మైక్రోస్కోప్ కింద నాళాలు కలిపే పద్ధతికి ఆరేడు గంటలు పట్టొచ్చు. నాళంలో గడ్డకడితే మొత్తం ఫ్లాప్ పోతుంది. బతికినా లావుగా ఉండి, పలుచన చేయడానికి ఇంకో ఆపరేషన్ పడుతుంది.

చంక వేరు. ముందు అంచు ఒక్కటే తాడులా లాగుతూ, చంక గుంటలో చర్మం బాగుంటే జెడ్ ఆకారంలో కోసి రెండు ముక్కలను తారుమారు చేసి కుట్టేస్తే సరిపోతుంది. 60 డిగ్రీల కోణంతో కోస్తే లెక్క ప్రకారం 75 శాతం పొడవు పెరుగుతుంది, నిజంగా మచ్చ చర్మంలో దానికంటే తక్కువే వస్తుంది. ముందు, వెనక, గుంట అన్నీ కాలి ఉంటే చంకకూ ఫ్లాప్ లేదా గ్రాఫ్ట్ కావాలి.

"మునుపటి లెక్క అయితదా" అన్న ప్రశ్నకు జవాబు: కాదు. తల ఎత్తగలుగుతుంది, పక్కలకు తిరుగుతుంది, పెదవి తన చోటికి వస్తుంది, చెయ్యి పైకి లేస్తుంది. అది చిన్న లాభం కాదు. మచ్చ మాత్రం మాయం కాదు. దాని చోటు, దిశ మారతాయి, బిగువు పోతుంది. తొడ చర్మం మెడ మీద చుట్టుపక్కల చర్మం కంటే నల్లగా, అతుకులా కనిపిస్తుంది. మన రంగు చర్మాల్లో ఇది మరీ తెలుస్తుంది. తొడ మీద కూడా ఒక మచ్చ మిగులుతుంది. ఇంటివాళ్లకు ఈ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

జవాబు: మత్తు డాక్టర్

సర్జన్ గారు చెప్పిన దానికి మత్తు వైపు నుంచి ఒకటి కలపాలి, ఎందుకంటే ఎక్కడ చేయించాలనేది దీని మీదే ఆధారపడుతుంది. మత్తు ఇచ్చాక గొంతులో గొట్టం వేయడానికి తల వెనక్కి వాలాలి, నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోవాలి. మెడ కాంట్రాక్చర్‌లో, అంటే మచ్చ గుంజుకుపోయి మెడ బిగిసినప్పుడు, ఆ వాలడమే ఉండదు. ముందే మత్తిచ్చేసి తర్వాత గొట్టం వేయలేకపోతే, మాస్క్‌తో గాలి కూడా సరిగా పోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని మెలకువగా ఉండగానే ముక్కులో నుంచి ఫైబర్ ఆప్టిక్ స్కోప్‌తో గొట్టం వేస్తారు. లేదంటే మచ్చ కింద తిమ్మిరి మందు కలిపిన సెలైన్ ఎక్కించి, కెటమిన్ అనే మత్తు మందు ఇచ్చి, మొదట మెడను విడదీసి ఆ తర్వాత గొట్టం వేస్తారు. ఈ రెండూ అలవాటున్న టీమ్ ఉన్న ఆసుపత్రిలోనే చేయించాలి. స్కోప్ లేని చిన్న నర్సింగ్ హోమ్‌లో తక్కువకు చేస్తామంటే వద్దనండి.

హిమోగ్లోబిన్ 8.6తో ఇలాంటి ఆపరేషన్‌కు పెట్టరు. మచ్చ కోసేటప్పుడు రక్తం బాగా పోతుంది. కనీసం 10 దాటించండి. మీ దగ్గర ఉన్న ఐరన్ మాత్రలు ఇప్పుడే మొదలుపెట్టి, నులిపురుగుల మాత్ర ఇచ్చి, నెలకు మళ్లీ పరీక్ష చేయండి. చాయ్‌తో, పాలతో వేసుకోవద్దు, నిమ్మరసంతో మంచిది. మాత్రలకు పెరగకపోతే ఏరియా ఆసుపత్రిలో ఐరన్ సుక్రోజ్ ఎక్కిస్తారు. ఇంట్లో ఎవరైనా బీడీ తాగితే ఆ పొగ ఆమెకు తగలకుండా చూడండి. నికోటిన్ చిన్న రక్తనాళాలను ముడిచేస్తుంది, గ్రాఫ్ట్‌కైనా ఫ్లాప్‌కైనా అది చేటే. పేషెంటే తాగే వాళ్లయితే, గుట్కా నమిలే వాళ్లయితే ఆపరేషన్‌కు ముందు 4 వారాలు, తర్వాత 4 వారాలు పూర్తిగా మానాలి.

జవాబు: పాలమూరు ఫిజియో

అక్కా, ఆపరేషన్ దాక ఆగాలంటే ఈ నాలుగైదు నెలలు ఏం చేస్తరన్నదే అసలు సంగతి. కాలినోళ్లకు ఏ భంగిమల సుఖంగ ఉంటదో ఆ భంగిమలనే చర్మం గుంజుకపోతది. మెడ కాలినోళ్లకు తల కింద మెత్త పెడితే సుఖం, అందుకే ఇంటోళ్లు ప్రేమతోటి రెండు మెత్తలు పెడ్తరు. ఇయ్యాల్నే ఆ మెత్త తీసెయ్యమని చెప్పు. భుజాల కింద దుప్పటి మడతబెట్టి 3–4 అంగుళాల ఎత్తు చెయ్యాలె, తల దాని మీద నుంచి వెనక్కి వాలాలె. కుడి చెయ్యి పండుకున్నప్పుడు ఒంటికి ఆనిచ్చి ఉంచొద్దు, పక్కకు 90 డిగ్రీలు చాపి పక్కన స్టూలు మీదనో మెత్త మీదనో పెట్టాలె.

సాగదీసుడు రోజుకు ఐదారుసార్లు. తల వెనక్కి, కుడికి, ఎడమకు, ఒక్కో దిక్కుకు పదిసార్లు, ప్రతిసారి మచ్చ తెల్లబడేదాక సాగదీసి పది లెక్కపెట్టేదాక ఆపాలె. తెల్లబడుడు గుర్తు. పగిలి నెత్తురొస్తే ఎక్కువ చేసినట్టు, తెల్లబడకపోతే చెయ్యనట్టే. చేతికి గోడ మీద వేళ్లతోటి పైకి ఎక్కుకుంట పోయి, ఎక్కడిదాక అందిందో గోడకు గీత కొట్టమను. వారం వారం గీత పైకి పోవాలె.

సాగదీసే ముందట మాలిష్. కొబ్బరినూనె చాలు, ఖరీదు క్రీములు అక్కర్లేదు. రెండు వేళ్లతోటి మచ్చ తెల్లబడేంత ఒత్తి గుండ్రంగ తిప్పాలె, 10 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. పైపైన రుద్దితే పొక్కులొస్తయి, కాలిన చర్మం పలుచగుంటది. పుండున్న కాడ ముట్టొద్దు. దురద కూడా దీనితోటి కొంత తగ్గుతది. మిగిలినదానికి డాక్టర్ మాత్ర రాస్తడు, గోకనియ్యొద్దు.

సిలికాన్ షీట్ దొరికితే మొదలు రోజుకు 4 గంటలు, అలవాటైనాక 12 గంటలకు పైన పెట్టాలె, కనీసం రెండు మూడు నెలలు. రోజు సబ్బుతోటి కడిగి ఆరబెట్టి మళ్ల వాడొచ్చు. మన దిక్కు ఎండలకు కింద చెమట పట్టి చెమటకాయలొస్తయి. అప్పుడు రెండు రోజులు ఆపి, మళ్ల తక్కువ గంటల నుంచి మొదలుపెట్టాలె. ప్రెషర్ గార్మెంట్, అంటే మచ్చను ఒత్తి పట్టే బిగుతు బట్ట, కొలతలు తీసి కుట్టించినదే వేసుకోవాలె, రోజుకు 23 గంటలు, స్నానానికి, మాలిష్‌కు తప్ప తీయొద్దు. రెండు జతలు ఉంటేనే సాగుతది. రెండు మూడు నెలలకు ఎలాస్టిక్ వదులైతది, మళ్ల కొలత ఇయ్యాలె. మెడకు గుడ్డ ఒక్కటే ఒత్తిడి ఇయ్యదు, గదుమకు ఛాతీకి నడుమ గట్టి కాలర్ స్ప్లింట్ కావాలె.

ఆపరేషన్ అయినంక ఆ స్ప్లింటే ప్రాణం. గ్రాఫ్ట్ కుదురుకోంగనే, అంటే సుమారు రెండు వారాలకు, సర్జన్ చెప్పినప్పుడు మొదలుపెడ్తం. ఆర్నెల్లు రాత్రి పగలు ఉండాలె. చేసిన మెడలు మళ్ల గుంజుకపోయేది ఎక్కువ ఈ ఆర్నెల్లలోనే, అది కూడా మూడో నెల కాడ "మంచిగైంది కదా" అని స్ప్లింట్ పక్కన పెట్టినోళ్లకు. స్ప్లింట్ ఎందుకు ఇడిసిపెడ్తరంటే గదుమ ఎముక కింద, మెడ ఎముక మీద అంచు ఒత్తుకొని పుండైతది. కొత్త స్ప్లింట్ 20 నిమిషాలు పెట్టి తీసి చూడు. ఎరుపు అరగంటకు కూడా పోకపోతే ఆ అంచు వేడి చేసి వంచాలె. ఫిజియోథెరపీ గదికి తీసుకుపోతే పది నిమిషాల పని. ఇంట్ల ఇబ్బందిపడుకుంట కూసుండొద్దు.

ఇంకోటి, పత్యం. చీము పడుతదని పప్పు, గుడ్డు, మాంసం బంద్ చేసి చారన్నం పెడ్తరు. దాంతోటే పుండు మానదు, గ్రాఫ్ట్ పట్టదు. చర్మం కట్టేది మాంసకృత్తులతోనే. రోజుకు రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, పల్లీలు, వారానికి రెండుసార్లు మాంసమో చేపలో తినాలె. ఆ అమ్మాయి 45 కిలోలుంటే రోజుకు 60 గ్రాముల పైన ప్రోటీన్ పడాలె, ఒక గుడ్డుల ఉండేది 6 గ్రాములే. ఈ ముచ్చట తల్లికి కాదు, వీలైతే నాయనమ్మకు చెప్పు. ఇంట్ల పత్యం పెట్టేది ఆమెనే.

దేవరకొండ ఏఎన్ఎం

అందరికీ చాలా థాంక్స్. మెత్త సంగతి నిజమే, పోయిన వారం నేను పోయినప్పుడు రెండు మెత్తల మీదనే పండుకొని ఉంది. ఇంకా మూడు అడుగుత. లేజర్‌కు అప్పు తెస్తమంటున్నరు, దాంతోటి మెడ సాగుతదా? ఆరోగ్యశ్రీల ఇది వస్తదా, మచ్చ అందానికి చేసేదని తిప్పి పంపుతరా? పెండ్లి ముందటా, ఆపరేషన్ ముందటా?

జవాబు: ఆరోగ్యశ్రీ డెస్క్‌లో పనిచేసిన వ్యక్తి

మేడం, ఆరోగ్యశ్రీలో కాలిన తర్వాత వచ్చిన కాంట్రాక్చర్‌కు కదలిక కోసం చేసే ఆపరేషన్ ఉంది. అందం కోసం చేసేవి, అంటే ముక్కు సన్నగా చేయించుకోవడం, కొవ్వు తీయించుకోవడం, మచ్చ లేజర్ లాంటివి రావు. అందుకే కేస్ షీట్‌లో "మెడ పైకెత్తలేదు, చెయ్యి 90 డిగ్రీలకు మించి లేవదు, కింది పెదవి బయటికి తిరుగుతోంది" అని స్పష్టంగా ఉండాలి. ఊరికే "కాలిన మచ్చ" అని రాస్తే ప్రీ ఆథరైజేషన్‌లో (ఆపరేషన్‌కు ముందు ఇచ్చే అనుమతి) ప్రశ్నలు వస్తాయి. ఫొటోలు కూడా అడుగుతారు: తల నిటారుగా ఒకటి, ఎంత పోతే అంత వెనక్కి వాల్చి పక్క నుంచి ఒకటి, చేతులు పైకెత్తి ఒకటి. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలున్న పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలు చేశారు కాబట్టి డబ్బు పరిమితి అడ్డం కాదు. రేషన్ కార్డులో అమ్మాయి పేరు ఉందా, ఆధార్‌లో పేరు, వయసు దానితో కలుస్తున్నాయా అన్నది ముందు చూడండి. ఎక్కువ రోజులు పోయేది అక్కడే. సందేహం ఉంటే 104కు ఫోన్ చేయొచ్చు.

పాత డిశ్చార్జ్ కాగితం, కాలినప్పుడు రాసిన ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నంబర్, మీరు తీస్తున్న కొలతల కాగితం తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ మూడింటిలోనూ ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. దేవరకొండ బస్సు ఎంజీబీఎస్‌లో దిగితే ఉస్మానియా మూసీ అవతలే, దగ్గర. ఓపీ చీటీకి పొద్దున్నే చేరాలి, కాబట్టి మొదటి బస్సుకే రమ్మనండి. ప్లాస్టిక్ సర్జరీ ఓపీ ఏ రోజుల్లో ఉందో ముందే కనుక్కుని పంపితే ఒక ప్రయాణం తప్పుతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా తిరగాల్సి ఉంటుంది. బస్సు ఖర్చు, తోడు వచ్చేవాళ్ల కూలి పోవడం ఇప్పుడే లెక్క వేసుకొమ్మనండి. మధ్యలో రావడం ఆపేసేది ఎక్కువగా అందుకే.

జవాబు: ప్లాస్టిక్ సర్జన్, హైదరాబాద్

లేజర్ గురించి. తక్కువపడిన చర్మాన్ని లేజర్ పుట్టించదు. ఫ్రాక్షనల్ సీఓ2 లేజర్ మచ్చను కొంత మెత్తబరుస్తుంది, గరుకు తగ్గిస్తుంది, దురద తగ్గిస్తుంది. నెల, నెలన్నరకు ఒకటి చొప్పున చాలా సిట్టింగులు పడతాయి. ముదురు రంగు చర్మంలో ఎక్కువ శక్తితో కొడితే నల్లమచ్చలు ఏర్పడి నెలల తరబడి ఉంటాయి. బిగువు విడదీశాక మిగిలిన గరుకుకు అది పనికొస్తుంది. ముందుగా అప్పు తెచ్చి చేయిస్తే ఆ డబ్బు పోతుంది, మెడ అలాగే ఉంటుంది. ఇది నేను గట్టిగానే చెబుతున్నాను.

ఉబ్బుగా ఉన్నచోట్ల మాత్రం ఇప్పటినుంచే ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ 4 నుంచి 6 వారాలకొకటి ఇవ్వొచ్చు. మచ్చ లోపలికే పోవాలి. కింది కొవ్వులోకి పోతే అక్కడ గుంట పడుతుంది, చర్మం తెల్లబడుతుంది. మచ్చ కాలిన హద్దు దాటి మంచి చర్మం మీదికి పాకుతుంటే అది కీలాయిడ్. దాన్ని ఊరికే కోసి కుట్టేస్తే చాలామందిలో ముందుకంటే పెద్దగా తిరిగొస్తుంది. ఓపీలో ఆ సంగతి తప్పకుండా చెప్పండి, ఆపరేషన్ ప్లాన్ మారుతుంది.

ఎవరి దగ్గర చేయించినా ఎంబీబీఎస్, ఎంఎస్ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ) గానీ ఉందా చూడాలి. బోర్డు మీద "కాస్మెటిక్" అని ఉంటే చాలదు. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి సరిచూసుకోవచ్చు. అడగడానికి మొహమాటపడొద్దు.

పెళ్లి విషయం కుటుంబం నిర్ణయం, కానీ లెక్క ఇది. మచ్చ పండటానికి ఇంకో అయిదారు నెలలు. ఆపరేషన్, ఆసుపత్రిలో రెండు వారాలు. ఆ తర్వాత ఆర్నెల్లు మెడకు స్ప్లింట్. గ్రాఫ్ట్ వేసిన మొదటి మూడు నెలలు మెడ ఎర్రగా, ముడతలుగా, చూడటానికి ముందుకంటే బాగాలేనట్టే ఉంటుంది. కాబట్టి మాఘం ముహూర్తానికి మెడ బాగైపోవాలని ఆపరేషన్ పెట్టుకుంటే కచ్చితంగా నిరాశ పడతారు. పైగా పెళ్లి పనుల్లో స్ప్లింట్ తీసేస్తారు, అప్పుడు ఆపరేషనే వృథా. పెళ్లి ముందు కావాలంటే ఇప్పుడున్నట్టే చేసుకుని, అబ్బాయి ఇంటివాళ్లకు ముందే చెప్పి ఏడాది తర్వాత ఆపరేషన్ చేయించవచ్చు. మెడ, చంక మచ్చల వల్ల పిల్లలు పుట్టడానికి అడ్డేమీ లేదు. అయితే గర్భం ఉన్నప్పుడు ఈ ఆపరేషన్ పెట్టుకోం. చిన్న పాపతో స్ప్లింట్, సాగదీసే వ్యాయామాలు కష్టం కాబట్టి ఆ వరస కూడా ఆలోచించుకోమనండి. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇవన్నీ మాట్లాడండి. ఏం కావాలో ఆమెను కూడా అడగాలి.

ఎండ తగిలితే మచ్చ, గ్రాఫ్ట్ రెండూ నల్లబడతాయి. కనీసం ఏడాది చేనులోకైనా అంగడికైనా మెడ కప్పుకునే వెళ్లాలి, నూలు స్కార్ఫ్ చాలు, సింథటిక్ చున్నీ వద్దు. ఎస్‌పీఎఫ్ 30 లోషన్ కొనగలిగితే మంచిదే.

దేవరకొండ ఏఎన్ఎం

సరే సార్. లేజర్ అప్పు ఆపించి, ఐరన్ మొదలుపెట్టి, వచ్చే వారం ఓపీకి పంపుత. చివరిది ఒక్కటి: చంక మడతల చిన్న పగులు ఉంది, మానుతది, మళ్ల పగులుతది. దానికేం చెయ్యాలె?

జవాబు: ప్లాస్టిక్ సర్జన్, హైదరాబాద్

లోతుగా కాలిన చర్మంలో చెమట, నూనె గ్రంథులు చాలావరకు ఉండవు, ఎండిపోయి మడత దగ్గర పగులుతుంది. సబ్బు నీళ్లతో కడిగి, వాసెలిన్ రాసి, పారాఫిన్ పూసిన గాజ్ గుడ్డ వేయండి. మానేదాకా ఆ ఒక్కచోట మాలిష్ ఆపి, సాగదీయడం మెల్లగా చేయించండి. ఓపీలో ఇది కూడా చూపించండి. పగులు ఉన్నచోట చీము ఉంటే ఆపరేషన్ తేదీ వెనక్కి పోతుంది. ఏడు నెలల మచ్చలో ఇది ఎండిన పగులే అయ్యుంటుంది. పాతికేళ్ల నాటి కాలిన మచ్చల్లో మాత్రం నెలన్నర దాటినా మానని పుండు, అంచులు గట్టిపడి పైకి లేచినది, ముట్టుకుంటే నెత్తురు వచ్చేది కనిపిస్తే డ్రెస్సింగ్ చేస్తూ కూర్చోవద్దు. అంచు నుంచి ముక్క తీసి బయాప్సీకి పంపాలి, అది క్యాన్సర్‌గా మారి ఉండొచ్చు. మీ పరిధిలో అలాంటి పెద్దవాళ్లు ఉంటే ఈ అమ్మాయితో పాటే ఓపీకి పంపండి.